కాలువ తవ్వించిన గవర్నర్
న్యూయార్క్ గవర్నర్ డివిట్ క్లింటన్ అనగానే హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపిన ఈరీ కాలువే గుర్తొస్తుంది. 363 మైళ్ల పొడవు, పైన 40 అడుగుల వెడల్పు, అడుగున 28. లోతు నాలుగడుగులే! పడవల్ని ఎత్తుకీ పల్లానికీ చేర్చే లాకులు 83. మామూలు సున్నం నీళ్లలో గట్టిపడదు, లాకుల రాతికట్టు నిలవదు. కాలువ దారిలోని చిట్టెనాంగో అనే ఊరి దగ్గర దొరికిన రాయిని కాల్చి, పొడి చేసి వాడాకే ఆ చిక్కు తీరింది.

1824 ఏప్రిల్‌లో ప్రత్యర్థులు ఆయన్ని కాలువ కమిషన్ నుంచి పీకేశారు. పైసా జీతం లేని పదవి అది. ఎంత తెలివితక్కువ పని! జనానికి ఒళ్లు మండి నవంబర్‌లో మళ్లీ గవర్నర్‌ని చేశారు. 1825 అక్టోబర్ 26న బఫెలో నుంచి తొలి పడవలో బయల్దేరింది ఆయనే.

1828లో పదవిలో ఉండగానే, అప్పులతో పోయారు. సొంత సమాధికి డబ్బుల్లేక 1844 దాకా వేరే కుటుంబం సమాధిలోనే ఉన్నారు.