పండ్లు మోసిన సైనిక నౌక: ఆప్షనల్‌లో ఒకే దేశాన్ని పట్టుకుని చదివిన అనుభవం

సివిల్స్ మెయిన్స్‌లో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలను ఆప్షనల్‌గా తీసుకుని తెలుగు మాధ్యమంలో రాస్తున్నవారి కోసం ఈ అనుభవాన్ని పంచుకుంటున్నాను. నా మొదటి ప్రయత్నానికి ముందు రాసిన ఒక టెస్టులో, చిన్న దేశాలు తమ సైన్యాన్ని విదేశాలకు పంపినప్పుడు మిత్రదేశాల మీద ఎంతవరకు ఆధారపడతాయో చర్చించమని 15 మార్కుల ప్రశ్న వచ్చింది. నాటో, సామూహిక భద్రత, బలాబలాల సమతౌల్యం అంటూ రెండు పేజీలు నింపి వచ్చాను. నాలుగు మార్కులు పడ్డాయి. పేపరు దిద్దినవారు పక్కన "ఏ దేశం? దేనికోసం ఆధారపడింది?" అని మాత్రం రాశారు. నా దగ్గర ఆ రెండింటికీ జవాబు లేదు.

అప్పటివరకు పది దేశాల గురించి తలా రెండు వాక్యాలు పోగుచేసుకునేవాణ్ణి. ఆ పద్ధతి మానేసి, ఒక్క న్యూజిలాండ్‌ను ఎంచుకుని మూడు వారాలపాటు చదివాను. దాని జనాభా ఈనాటికీ, 2011 జనాభా లెక్కల నాటి గ్రేటర్ హైదరాబాద్ జనాభా కన్నా తక్కువే. అయితే నేను దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వేరు. పెద్ద మిత్రుడితో తగవు పెట్టుకుని కూడా విదేశాలకు సైన్యాన్ని పంపుతూ వచ్చిన చిన్న దేశం అది. 1984లో అధికారంలోకి వచ్చిన డేవిడ్ లాంగీ ప్రభుత్వం అణ్వస్త్ర వ్యతిరేక విధానాన్ని చేపట్టి, 1985లో అమెరికా యుద్ధనౌక బుకానన్‌ను తమ రేవుల్లోకి రానివ్వలేదు. దానితో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాల మధ్య 1951లో కుదిరిన ఆంజస్ రక్షణ ఒప్పందం కింద న్యూజిలాండ్‌కు తాను ఇచ్చిన రక్షణ హామీని అమెరికా 1986లో నిలిపివేసింది. మరుసటి ఏడాది న్యూజిలాండ్ తన విధానాన్ని ఏకంగా చట్టం చేసింది. చాలామంది నోట్సు ఇక్కడితో ఆగిపోతుంది, మొదట్లో నాదీ అంతే. మార్కులు తెచ్చే కథ పదమూడేళ్ల తర్వాత తూర్పు తైమూరులో జరిగింది.

1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తూర్పు తైమూరు ప్రజలు ఇండోనేసియా నుంచి విడిపోవడానికే మొగ్గు చూపగా, సాయుధ మిలీషియాలు హింసకు దిగాయి. సెప్టెంబరు 15న భద్రతా మండలి 1264వ తీర్మానం చేసింది, 20వ తేదీన ఆస్ట్రేలియా జనరల్ పీటర్ కాస్‌గ్రోవ్ నాయకత్వంలోని ఇంటర్‌ఫెట్ అనే బహుళదేశాల శాంతి దళాలు తూర్పు తైమూరు రాజధాని డిలీలో దిగాయి. న్యూజిలాండ్ వెయ్యి మందికి పైగా సైనికులను పంపి, పశ్చిమ తైమూరు సరిహద్దును ఆనుకున్న సువాయ్ ప్రాంతం బాధ్యతను తీసుకుంది. అంత చిన్న దేశానికి ఇది పెద్ద పనే. ఈ అంకె దగ్గర ఆగిపోతే మాత్రం మన జవాబు పొగడ్తగా మిగిలిపోతుంది. కాబట్టి ఆ వెయ్యి మందిని ఎవరు మోసుకెళ్లారు, ఇంధనం ఎవరు పోశారు, గాయపడితే ఎవరు తీసుకొచ్చారు, శత్రువు ఎక్కడున్నాడో ఎవరు చెప్పారు అన్న ప్రశ్నలు వేసుకోవాలి.

మోసుకెళ్లడం దగ్గరే నాకు చార్లెస్ ఉపమ్ అనే ఓడ ఎదురైంది. సైన్యాన్ని, వాహనాలను సముద్రం దాటించడానికని న్యూజిలాండ్ 1990ల మధ్యలో ఒక పాత వాణిజ్య నౌకను కొని ఆ పేరు పెట్టింది. సముద్రంలో విపరీతంగా ఊగిపోయే ఆ ఓడ సైనిక అవసరాలకు పనికిరాలేదు. చివరికి దాన్ని అద్దెకిచ్చేశారు. తూర్పు తైమూరుకు సైన్యం బయలుదేరవలసి వచ్చిన వేళకు, అది మధ్యధరా సముద్రంలో నిమ్మజాతి పండ్లు మోసుకుంటూ తిరుగుతోంది. నా నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్న వాక్యం ఇదొక్కటే. న్యూజిలాండ్ దగ్గర తుపాకులు, శిక్షణ పొందిన సైనికులు, ఇరాక్వా హెలికాప్టర్లు, ఎండీవర్ అనే ఇంధన నౌక ఉన్నాయి, కానీ బరువైన సామగ్రిని సముద్రం దాటించే సొంత సాధనం లేదు. ఆ లోటు తీరడానికి కాంటర్‌బరీ అనే బహుళార్థ నౌక నౌకాదళంలో చేరిన 2007 దాకా ఆగవలసి వచ్చింది.

పెద్దన్న అనుకున్న ఆస్ట్రేలియా పరిస్థితి కూడా మరీ గొప్పగా లేదు. డార్విన్ నుంచి డిలీకి మనుషులను, సరుకును చేరవేయడానికి అది ఒక వేగవంతమైన కాటమరాన్ ఓడను అద్దెకు తీసుకుంది. సమాచార వ్యవస్థ, నిఘా సమాచారం, భారీ రవాణా హెలికాప్టర్లు అమెరికా నుంచి వచ్చాయి, అమెరికా పోరాట దళాలు మాత్రం నేల మీదికి రాలేదు. అంటే న్యూజిలాండ్ ఆస్ట్రేలియా మీద, ఆస్ట్రేలియా అమెరికా మీద ఆధారపడ్డాయి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు అంటారు. రక్షణ హామీ పోయి పదమూడేళ్లయినా, ఆస్ట్రేలియా పక్కన ఉండటం వల్ల న్యూజిలాండ్‌కు కడపంక్తిలోనూ వడ్డన అందింది. ఒప్పందం కాగితం మీద ఆగిపోయినంత మాత్రాన ఆధారపడటం ఆగదని, అది వేరే దారిలో వస్తుందని నేను గట్టిగా రాయగలిగింది ఈ ఉదాహరణ వల్లనే.

అఫ్గానిస్థాన్‌లోని బామియాన్‌లో 2003 నుంచి 2013 వరకు న్యూజిలాండ్ నడిపిన ప్రాంతీయ పునర్నిర్మాణ బృందం రెండో ఉదాహరణ. అక్కడ వారికి సొంత హెలికాప్టర్లు లేవు. 2012 ఆగస్టు ఒక్క నెలలోనే ఐదుగురు సైనికులు చనిపోయారు. కాల్పుల్లో గాయపడినవారిని తరలించడానికి అమెరికా హెలికాప్టర్ల కోసం ఎదురుచూడక తప్పలేదు.

సిద్ధాంతాన్ని నేను ఇవన్నీ చదివాకే కలిపాను. కూటమిలో ప్రతి దేశాన్నీ మిత్రుడు వదిలేస్తాడన్న భయమూ, మిత్రుడి యుద్ధంలో ఇరుక్కుపోతామన్న భయమూ రెండువైపులా లాగుతాయని అమెరికా రాజనీతి శాస్త్రవేత్త గ్లెన్ స్నైడర్ 1984లో చెప్పాడు. అమెరికా నడిపిన 2003 ఇరాక్ దండయాత్రలో న్యూజిలాండ్ చేరకుండా, ఆ తర్వాత పునర్నిర్మాణానికి కొద్దిమంది ఇంజినీర్లను మాత్రమే బస్రాకు పంపడం ఆ రెండో భయానికి చక్కని ఉదాహరణ. ఇక 2001లో తన యుద్ధ విమానాల విభాగాన్నే రద్దు చేసుకున్న నిర్ణయాన్ని కొందరు బాధ్యతారాహిత్యం అంటారు. నేను ఏకీభవించను. తైమూరులో కొరత వచ్చింది యుద్ధ విమానాలకు కాదు, ఓడలకు. ఈ వాదన ఒప్పో తప్పో పరీక్షకుడు తేల్చుకుంటారు, మనం ఆధారం చూపితే చాలు.

తెలుగులో రాసేవారికి ఒక మాట చెప్పాలి. లాజిస్టిక్స్‌కు తెలుగు పదం వెతుకుతూ నేను చాలా సమయం వృథా చేశాను. ఆ మాటనే తెలుగు లిపిలో రాసి, వెంటనే "మనుషులను, ఇంధనాన్ని, మందుగుండును చేరవేసే ఏర్పాటు" అని ఒకసారి వివరిస్తే సరిపోతుంది. క్షతగాత్రుల తరలింపు, నిఘా సమాచారం వంటి మాటలు ఎలాగూ మనకున్నాయి.

ప్రస్తుతం ఇదే పద్ధతిలో డెన్మార్క్ మీద నోట్సు తయారు చేస్తున్నాను. హెల్మండ్‌లో బ్రిటిష్ దళాలతో కలిసి పోరాడి, అఫ్గానిస్థాన్‌లో నలభై మందికి పైగా సైనికులను పోగొట్టుకున్న ఆ దేశాన్నే, ఆ త్యాగం ఎవరి పక్షాన నిలిచి చేసిందో ఆ అమెరికా అధ్యక్షుడే 2019లోనూ 2025లోనూ దాని ఏలుబడిలోని గ్రీన్‌లాండ్‌ను ఇమ్మని అడిగాడు. స్నైడర్ చెప్పిన రెండు భయాల్లో ఇది దేని కిందికి వస్తుందో నాకింకా తేలలేదు. ఆ పేజీని ప్రస్తుతానికి సగం ఖాళీగానే ఉంచాను.