చలి ముదిరితేనే మానటీలు

శీతాకాలం రాగానే ఇక్కడ ఫ్లోరిడాలో మన తెలుగువాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. "పిల్లల్ని తీసుకుని మానటీలు చూద్దామని పోయాం, ఒక్కటీ కనబడలేదు. అసలు ఉన్నాయా అక్కడ?" మానటీ అంటే నీళ్లలోనే బతుకుతూ గడ్డి మేసే, పిల్లకు పాలిచ్చే పెద్ద జంతువు. నేను తిరిగి ఒకే ప్రశ్న వేస్తాను. మీరు వెళ్లిన రోజు చలి ఎంత?

టాంపా వచ్చిన కొత్తలో మాకూ అదే అయింది. నవంబర్ చివర్లో థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో, టీ షర్టులతో తిరిగేంత ఎండలో, రెండు గంటలు కారు నడిపి బ్లూ స్ప్రింగ్ అనే ఊట ఉన్న పార్కుకి వెళ్లాం. దూరంగా రెండు నల్లటి వీపులు కనబడ్డాయి, అంతే. మా పాప తిరుగు ప్రయాణంలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

విషయం ఏమిటంటే, మానటీ చూడ్డానికి అంత లావుగా ఉన్నా దాని ఒంట్లో చలిని ఆపేంత కొవ్వు లేదు. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడి అలాగే ఉండిపోతే జబ్బు చేస్తుంది, చచ్చిపోతుంది కూడా. భూమిలోంచి పొంగే ఊటల నీళ్లు మాత్రం ఏడాది పొడుగునా 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందుకే నది చల్లబడగానే అన్నీ ఊటల్లోకి చేరతాయి. ఎండ వచ్చి నది కాస్త వేడెక్కితే మేతకు పోతాయి. నవంబర్ మధ్య నుంచి మార్చి చివరి దాకా సీజన్ అంటారు గానీ, నన్నడిగితే జనవరి, ఫిబ్రవరి. అందులోనూ రెండు మూడు రాత్రులు వరుసగా గడ్డకట్టే చలి పడ్డాక వచ్చే ఉదయం.

నాన్న తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చిన ఏడాది అలాంటి ఉదయమే దొరికింది. బ్లూ స్ప్రింగ్ గేటు ఎనిమిదింటికి తీస్తారు. సీజన్‌లో వారాంతాల్లో పార్కింగ్ నిండిపోయి గేటు మూసేస్తారు కాబట్టి ముందే వెళ్లి నిలబడ్డాం. మఫ్లరు చుట్టుకుని నాన్న చెక్క బాట మీద నెమ్మదిగా నడుస్తున్నారు. ఊట నీళ్ల మీంచి ఆవిరి లేస్తోంది. ఏమీ కనబడక ముందే చప్పుడు వినబడింది. ఫూ... అని, కాసేపటికి ఇంకో మూల నుంచి ఫూ... అని. నాన్న ఆగిపోయారు.

"ఒరే, చెరువులో గేదెలు ఊపిరి వదిలినట్టు లేదూ?"

నిజంగా అచ్చం అదే. ఆవిరి పలచబడ్డాక చూస్తే నీలిరంగు నీళ్లలో ఒకదాని పక్కన ఒకటి, బూడిదరంగు బండల్లా వందల కొద్దీ పడుకుని ఉన్నాయి. నిద్రలోనే మెల్లగా పైకి తేలి, ముక్కు మాత్రం బయటపెట్టి గాలి పీల్చి, మళ్లీ అడుక్కి దిగిపోతాయి. వీపు మీద పట్టిన నాచును చేపలు గీరి తింటుంటే కదలను కూడా కదలవు.

బాట కింద సరిగ్గా మా కాళ్ల దగ్గరికి ఒక తల్లి, పిల్ల వచ్చాయి. పిల్ల తల్లి ముందు రెక్క కింద మూతి దూర్చి అక్కడే ఉండిపోయింది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. నలభై ఏళ్లు పాడి చూసిన మనిషి కదా, నాన్న వెంటనే పట్టేశారు. "కుడుస్తోందిరా. పొదుగు చంకలో ఉన్నట్టుంది." అవును, మానటీకి చనుమొనలు రెక్కల వెనకే ఉంటాయి. నేల మీద తిరిగే జంతువుల్లో దీనికి దగ్గరి చుట్టాల్లో ఏనుగు ఒకటి అని చెబితే, "ఏనుగుకూ ముందుకాళ్ల మధ్యేగా" అన్నారు.

ఆ తల్లి వీపు మీద తెల్లటి గీతలు, దువ్వెనతో గీసినట్టు వరుసగా, ఒకే దూరంలో ఉన్నాయి. పడవ మోటారు రెక్కలు కోసిన గాయాలు. ఏ మానటీ ఏదో పరిశోధకులు ఆ మచ్చల్ని బట్టే గుర్తుపడతారు. నాన్న చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు.

బ్లూ స్ప్రింగ్‌లో 1970లలో లెక్క మొదలైనప్పుడు ఇవి పదుల్లోనే ఉండేవట. 2024 జనవరిలో ఒకే ఉదయం 900 దాటాయి. అలాగని అంతటా బాగుందని కాదు. 2021లో ఫ్లోరిడాలో దాదాపు 1,100 చనిపోయాయి. తూర్పు తీరంలో ఇండియన్ రివర్ లగూన్ అనే తీరపు సరస్సులో నీళ్లు పాడై, నీటి అడుగున గడ్డి పోయి, తిండిలేక మాడిపోయినవే చాలా ఉన్నాయి. ఆ శీతాకాలం ప్రభుత్వమే వాటికి లెట్యూస్ ఆకులు వేసింది. గడ్డి దొరకని ఏడు గొడ్ల సంగతేమిటో నాన్నకి వేరే చెప్పక్కర్లేదు.

అంత దూరం పోలేనివాళ్లకు టాంపా పక్కనే అపోలో బీచ్ ఉంది. బిగ్ బెండ్ కరెంటు ప్లాంటు వదిలే వెచ్చటి నీళ్ల కాలువలోకి వస్తాయి. నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా తెరుస్తారు, టికెట్ లేదు. బ్లూ స్ప్రింగ్ అంత తేటగా ఉండవు నీళ్లు, కానీ చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఇదే సుఖం.

నీళ్లలోకి దిగి వాటి దగ్గర ఉండాలంటే క్రిస్టల్ రివర్ అనే ఊరికి వెళ్లాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేం వెళ్లిన పడవలో కొందరు నిద్రపోతున్న మానటీ వెంటపడి చేత్తో తట్టారు. పడవ నడిపే మనిషి చూసీ ఏమీ అనలేదు. అది లేచి వెచ్చటి నీళ్లు వదిలి బయటి చల్లటి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఆ పూటంతా మనసు బాగోలేదు. చలికి ప్రాణం నిలుపుకోడానికి వచ్చిన జంతువది. తరమడం, పడుకున్నదాన్ని తాకడం, తిండి పెట్టడం చట్టరీత్యా తప్పు. కదలకుండా తేలుతూ ఉండండి, దానికి ఇష్టమైతే అదే వస్తుంది. ఈత రాకపోతే ఆ ఊళ్లోనే త్రీ సిస్టర్స్ స్ప్రింగ్స్ అనే ఊటల ఒడ్డున చెక్క బాట ఉంది, అక్కడి నుంచి బ్రహ్మాండంగా కనబడతాయి.

ఈ శుక్రవారం రాత్రి 2 డిగ్రీలకు పడిపోతుందని చెబుతున్నారు. శనివారం ఏడున్నరకే బ్లూ స్ప్రింగ్ గేటు దగ్గర ఉంటాం. వచ్చేవాళ్లు పోలరైజ్డ్ కళ్లద్దాలు తెచ్చుకోండి, నీళ్ల మీది మెరుపు పోయి అడుగు దాకా కనబడుతుంది. ఫ్లాస్కు నిండా టీ నేను తెస్తాను.