దారికడ్డంగా నడిచే పిల్లలు

నేపర్‌విల్‌లో మెట్రా లోకల్ రైలెక్కి చికాగో యూనియన్ స్టేషన్‌లో దిగాం. ఆడమ్స్ స్ట్రీట్ వెంట తిన్నగా నడిస్తే రెండు కంచు సింహాలు, వాటి వెనకే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం. నది మీది వంతెన దాటేసరికి గాలికి చెవులు తిమ్మిరెక్కాయి. దారిలో ఒక కొట్లో కాఫీకి ఆరు డాలర్లు గుంజాడు, అదీ చల్లారిపోయింది.

లోపల జనమంతా ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ గీసిన ‘ఇద్దరు అక్కచెల్లెళ్లు’ ముందే. ఎర్ర టోపీ, ఊలు ఉండల బుట్ట, సెల్ఫీలు. నేనొచ్చింది ఆయనదే, కాగితం మీద గీసిన ఇంకో బొమ్మ కోసం. కాగితం మీది బొమ్మలు వెలుతురుకి పాడవుతాయని ఎల్లకాలం గోడకు ఉంచరు. ముందే అడిగి పెట్టుకుంటే తెచ్చి బల్ల మీద పెడతారు. పెన్ను బయటే వదిలెయ్యాలి, పెన్సిల్ ఒక్కటే రానిస్తారు.

ఫ్రెంచి రచయిత జోలా నవల ‘లసొమ్వార్’ 1877లో పుస్తకంగా వచ్చింది. పారిస్‌లో బట్టలుతికి బతికే జెర్వేజ్ కథ. మరుసటి ఏడు బొమ్మలతో వేసిన ప్రతికి రెన్వార్ గీసిందిది. నల్ల సుద్ద మీద గోధుమరంగు సిరా గీతలు. జెర్వేజ్ కూతురు నానా, గుడ్డపూలు చేసే పిల్ల, స్నేహితురాళ్లతో చేతులు కలిపి వీధంతా ఆక్రమించి నడుస్తోంది. వెనక మనుషులు రెండు మూడు గీతల్లో తేలిపోయారు.

“ఎంత బాగున్నారమ్మా!” అంది మా అమ్మాయి. నాకు ఒళ్లు మండింది. జోలా తాగుడూ ఆకలీ అన్ని పేజీలు రాస్తే, ఈయన తిరునాళ్లకు పోతున్నట్టు గీస్తాడా?

కానీ రెన్వార్ తండ్రి దర్జీ, తల్లి కూడా కుట్టుపని చేసేది. తను పదమూడేళ్లకే పింగాణీ మీద పూలు వేసే పనిలో చేరాడు. పని వదిలిన సాయంత్రం ఎలా ఉంటుందో ఆయనకెవరూ చెప్పక్కర్లేదు. గుంటూరులో మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఇలాగే వచ్చేవాళ్లు. ముక్కుకి కట్టిన గుడ్డ మెడలోకి జార్చి, తుమ్ముతూ, నవ్వుతూ, రోడ్డుకి అడ్డంగా. వెనక బస్సు హారన్ కొడుతున్నా సరే, ఒక్కరూ పక్కకి జరిగేవాళ్లు కాదు.

రైలుకి టైమవుతోందని అమ్మాయి లాగుతున్నా కైబోట్ అనే చిత్రకారుడి ‘వానలో పారిస్ వీధి’ ముందు ఆగాను. అదీ 1877దే. నల్ల కోట్లు, గొడుగులు, ఎవరి ఎడం వాళ్లది. ఆ దొరలు నానాకి దారిస్తారా? ఇవ్వరు గాక ఇవ్వరు. అదే నెట్టుకుని పోతుంది.