పెంకుటింటితో పాటు వచ్చిన బాకీ

పోయిన ఏడాది శ్రావణంలో మా పట్నంలో కాలువ గట్టు పక్క వీధిలో పాత పెంకుటిల్లు ఒకటి కొన్నాను. టేకు దూలాలు, ముందు అరుగు, పెరట్లో రెండు కొబ్బరి చెట్లు, వానాకాలంలో గోడలకి మోకాలెత్తు చెమ్మ, అన్నీ చూసుకునే కొన్నాను. 30 ఏళ్లకి ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలూ అమ్మకాలూ చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, కూడా తీయించాను. తనఖా లేదు, ఇంకొకరికి అమ్మింది లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

తీరా ఇంటి పన్ను నా పేరు మీదికి మార్పించుకోడానికి మునిసిపాలిటీకి వెళ్తే, కంప్యూటర్లో చూసిన అమ్మాయి "ఏడేళ్ల ఇంటి పన్ను బకాయి ఉందండీ, అది కడితేగానీ పేరు మారదు" అంది.

ఈసీలో కనబడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. పన్ను లెక్క మునిసిపాలిటీ దగ్గర ఉంటుంది, అది వేరే పుస్తకం. ఇంత చిన్న విషయం నాకు గానీ, ఊళ్ళో సగం ఇళ్ళు తనే అమ్మించానని చెప్పుకునే మా మధ్యవర్తికి గానీ తట్టలేదు, కమీషన్ మాత్రం ఆ సాయంత్రమే గుర్తు చేసి మరీ పట్టుకెళ్ళాడు.

ఏడేళ్లంటే 14 అర్ధ సంవత్సరాలు. ఒక్కోదానికి 1,100 చొప్పున అసలు 15 వేల పైచిలుకు. దాని మీద నెలకి 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. బ్యాంకులో వేసుకున్న నా డబ్బుకి ఇందులో మూడో వంతు కూడా రాదు. మొత్తం కలిపి 29 వేలు దాటింది. 2023 మార్చిలో బకాయి ఒకేసారి కట్టేస్తే వడ్డీ మాఫీ అని సర్కారు ప్రకటించింది, అప్పుడైనా ఎవరో ఒకరు కట్టి ఉంటే సరిపోయేది.

ఎవరు కడతారు? ఆ ఇంటి మామ్మగారు పోయాక పెద్దబ్బాయి హైదరాబాదులో, రెండో ఆయన విశాఖలో, చిన్నాయన కువైట్లో. ఒకరు కడుతున్నారని ఇంకొకరు అనుకున్నారట. నోటీసులు రాలేదా అంటే వచ్చే ఉంటాయి. తలుపు సందులోంచి వేసిన కాగితాలు గుమ్మం వెనక పోగుపడి ఉంటే, ఇల్లు కడిగించిన రోజు నేనే పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశాను.

"వాళ్ళ బాకీ నేనెందుకు కట్టాలి" అని గట్టిగానే అడిగాను. ఇంటి పన్ను ఆ ఇంటి మీదే ఉంటుందట, ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళనే అడుగుతారు. అయితే అమ్మినవాళ్ళకేం పట్టదా అంటే పడుతుంది. వేరే ఒప్పందం లేకపోతే అమ్మిన తేదీ దాకా ఉన్న పన్నులు అమ్మినవాళ్ళే కట్టాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది. మా దస్తావేజులోనూ లేఖరి గారు "పన్నులు వగైరా ఏ బకాయిలూ లేవనియు, ఉన్నట్లు తేలినచో మా స్వంత ఖర్చులతో తీర్చగలవారమనియు" అని రాశారు. రిజిస్ట్రేషన్ రోజు ఆయన గడగడా చదువుతుంటే నేను ఫోన్ చూసుకుంటున్నాను.

పెద్దాయనకి ఫోన్ చేసి ఆ వాక్యం చదివి వినిపించాను.

"అమ్మేశాక ఇంకా పన్నేంటి తమ్ముడూ?"

"అమ్మకముందుదే అన్నయ్యగారూ."

వారం రోజులు నానబెట్టి అసలు పంపించాడు. వడ్డీ మాట ఎత్తితే "కొనేటప్పుడు నువ్వు చూసుకోవాలి కదా" అన్నాడు. కోర్టుకెళ్తే వకీలు ఫీజే అంతకన్నా ఎక్కువ అవుతుంది, పైగా వాళ్ళ మేనత్త మా వీధిలోనే ఉంటుంది, రోజూ మొహాలు చూసుకోవాలి. వదిలేశాను. మా ఆవిడ ఇంకా వదల్లేదు.

మీలో ఎవరైనా పాత ఇల్లు చూస్తుంటే, బయానా ఇచ్చే ముందే అసెస్‌మెంట్ నంబర్, అంటే ఇంటి పన్ను లెక్కకి మునిసిపాలిటీ ఇచ్చే నంబర్, అడగండి. ఏపీలో పట్నాల్లో అయితే పురపాలక శాఖ వెబ్‌సైట్లో ఆ నంబర్ కొడితే బకాయి కనబడుతుంది, నేను ఇప్పుడు కొట్టి చూశాను, రెండు నిమిషాలు పట్టింది. రసీదు చూపిస్తే దాని మీద ఏ అర్ధ సంవత్సరమో చదవండి. నాకు చూపించింది మామ్మగారు బతికుండగా కట్టింది, స్టాంపు చూసి తలూపేశాను. కుళాయి పన్ను, కరెంటు బిల్లు కూడా అడగండి. ఇవన్నీ తేలేదాకా ఓ 50 వేలు చేతిలో ఆపుకోండి, మొహమాటపడకండి.

మొన్న సోమవారం మొత్తం కట్టేశాను. రసీదు మీద ఇంకా మామ్మగారి పేరే ఉంది.