దాళ్వా పొలంలో ఫ్లక్స్ టవర్: రాత్రి లెక్క తేలేదాకా

గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) సీజన్ మొత్తం ఒక వరి పొలం గాలిలోంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ తీసుకుంది, ఎంత తిరిగి వదిలింది, ఎంత నీటిని ఆవిరి చేసింది? ఇది కొలవడమే నా పీహెచ్‌డీ పని. పద్ధతి పేరు ఎడ్డీ కోవేరియెన్స్. పరికరాలు బిగించడం కష్టమనుకుంటారు చాలామంది. నన్ను సీజన్ అంతా కూర్చోబెట్టింది మాత్రం రాత్రి లెక్క.

ముందు పద్ధతి సంగతి. పొలం మీద గాలి తిన్నగా సాగదు, సుళ్లు తిరుగుతూ పైకీ కిందికీ కదులుతుంది. పగలు పైకి లేచే సుడి పైరును తాకి వచ్చిన గాలి కాబట్టి అందులో కార్బన్ డయాక్సైడ్ కాస్త తక్కువ, ఆవిరి కాస్త ఎక్కువ ఉంటాయి. కిందికి దిగే సుడిలో ఇది తిరగబడుతుంది. ఈ తేడాలను గాలి పైకీ కిందికీ కదిలే వేగంతో జోడించి అరగంట పాటు సగటు తీస్తే, పైరుకీ గాలికీ మధ్య నికరంగా ఎంత చేతులు మారిందో వస్తుంది. సోనిక్ ఎనిమోమీటర్ శబ్ద తరంగాలతో గాలి వేగాన్ని మూడు దిక్కుల్లోనూ పట్టుకుంటుంది. పక్కనే ఉన్న ఎనలైజర్ పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నీ ఆవిరినీ కొలుస్తుంది. రెండూ సెకనుకు 20 సార్లు, అంటే అరగంటకు 36,000 వరసల డేటా. ఈ రెండూ బిగించిన స్తంభాన్నే ఫ్లక్స్ టవర్ అంటారు. వేడినీ ఆవిరినీ ఇలా కొలవొచ్చని 1951లో ఆస్ట్రేలియాలో స్విన్‌బ్యాంక్ చూపించాడు. అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1991 నుంచీ కార్బన్ కొలతలు నడుస్తూనే ఉన్నాయి. ఒకే అడవిని అన్నేళ్లు వదలకుండా చూడడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

జాగా వెతకడానికే చాలా తిరగాల్సి వచ్చింది. గాలి వచ్చే వైపు, పరికరం ఎత్తుకి సుమారు వంద రెట్ల దూరం దాకా ఒకే పైరు ఉండాలన్నది మోటు లెక్క. మూడు మీటర్ల ఎత్తుకు మూడు వందల మీటర్ల వరి కావాలి. డెల్టాలో చేపల చెరువు అడ్డు రాకుండా అంత వరి దొరకడం అంత తేలిక కాదు. మాకు దొరికిన చోట మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చే ఆగ్నేయం వైపు అంతా వరే. పడమట చెరువు ఉంది కాబట్టి అటు నుంచి గాలి వీచిన అరగంటలన్నీ తీసేయాలని మొదటే రాసి పెట్టుకున్నాం.

పొలం చేసే రైతును బాబాయ్ అని పిలిచేదాన్ని. టవర్‌కి తీగలు కడుతుంటే అడిగారు: "ఏమ్మా, నా పొలం రోజుకెన్ని నీళ్లు తాగుతుందో ఇది చెబుతుందా? వంతు నీళ్లు చాలట్లేదని అడగాలంటే చేతిలో ఏదో ఒక లెక్క ఉండాలి కదా." నా థీసిస్ ప్రశ్న కన్నా సూటిగా ఉంది అది. వెంటనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పగటి డేటా బాగా వచ్చింది. పిలకలు వేసే దశ నుంచీ మధ్యాహ్నం గ్రాఫ్ రోజురోజుకీ కిందికి దిగుతూ పోయింది, అంటే పైరు తీసుకునేది పెరుగుతోందన్నమాట. జనవరి తెల్లవారుజాముల్లో మంచు ఎనలైజర్ అద్దం మీద చేరి కొన్ని గంటల డేటా పాడయ్యేది. అది అందరికీ ఉండే సమస్యే.

రాత్రి సంగతి వేరు. చీకటి పడ్డాక పైరు, వేర్లు, నేలలో సూక్ష్మజీవులు అన్నీ శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. గాలి ఆడని రాత్రి అది టవర్ దాకా లేవదు. నేల చల్లబడి, చల్లటి బరువైన గాలి పొలం మీదే పరుచుకుంటుంది. అందులోనే నిలిచిపోతుంది, లేదా పక్కకి జారిపోతుంది. పరికరం సున్నాకి దగ్గరగా చూపిస్తుంది. అది నమ్మి కూడితే పైరు పగలు తీసుకున్నది మొత్తం నిలుస్తుంది, రాత్రి వదిలింది సగం మాయమవుతుంది. పొలం ఉన్నదానికన్నా ఎంతో కార్బన్ దాచినట్టు కనిపిస్తుంది. ఇలాంటి అంకె కార్బన్ క్రెడిట్ల (దాచిన కార్బన్‌కి డబ్బు కట్టే ఏర్పాటు) మాటల్లోకి వెళ్తే ఎంత అనర్థమో అని నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

దీనికి పుస్తకాల్లో దారి ఉంది. ఘర్షణ వేగం, అంటే గాలి ఎంత గట్టిగా కలుస్తోందో చెప్పే అంకె, ఒక హద్దు కన్నా తక్కువున్న రాత్రి అరగంటల్ని తీసేయడం. ఆ హద్దు ఎక్కడ పెట్టాలో మన డేటాలోంచే తేలాలి. మాది సెకనుకు 0.1 మీటర్ దగ్గర తేలింది, దాంతో రాత్రి డేటాలో సగానికి పైగా పోయింది. మిగిలిన కొద్ది రాత్రులతో సీజన్ లెక్క కట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే మూత ఛాంబర్లు తీసుకెళ్లాం. నాలుగు దుబ్బుల మీద పెట్టె మూసి, లోపల కార్బన్ డయాక్సైడ్ ఎంత త్వరగా పెరుగుతోందో చూడడం. గట్టు మీద టార్చి పట్టుకుని, దోమల మధ్య, బురదలో చెక్క పలక మీద నిలబడి చేసే పని. గాలి ఉన్న రాత్రి టవరూ ఛాంబరూ దాదాపు ఒకే మాట చెప్పాయి. గాలి పడిపోయిన రాత్రి ఛాంబర్ అంకె అలాగే ఉంది, టవర్ అంకె కూలిపోయింది. ఆ రెండు గీతలు పక్కపక్కన చూశాకే హద్దు మీద నాకు ధైర్యం వచ్చింది. ఖాళీలను ఉష్ణోగ్రతను బట్టి నింపాం. అయితే నీరు నిలిచిన రోజులకీ నీరు తీసేసిన రోజులకీ విడివిడిగా. నీరు నిలిచినప్పుడు నేలకి ఆక్సిజన్ అందదు, కుళ్లడం నెమ్మదిస్తుంది. మడి ఆరితే రాత్రి వదిలేది పెరుగుతుంది. రెండూ ఒకే గాటన కట్టి ఉంటే ఈ తేడా కనబడకుండా పోయేది.

కోత తర్వాత ఇంకొకటి చూశాం. మోళ్లు మాత్రమే మిగిలిన పొలం మిట్టమధ్యాహ్నం కార్బన్ తీసుకుంటున్నట్టు ముడి డేటా చూపించింది. వేడెక్కి పైకి లేచే గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి అందులో ప్రతి వాయువు సాంద్రతా తగ్గినట్టు కనిపిస్తుంది. వెబ్, పియర్‌మన్, లూనింగ్ 1980లో ఇచ్చిన సవరణ వేయగానే అంకె ముందు ప్లస్-మైనస్ గుర్తు తిరగబడింది. పొలం కార్బన్ వదులుతోందని తేలింది. ఈ సవరణ ఎందుకు వేయాలో చెప్పమంటే నేను ఇప్పుడు ఈ గ్రాఫే చూపిస్తాను.

మొత్తం కూడితే సీజన్‌లో పైరు తీసుకున్నదే ఎక్కువ. కానీ అందులో పెద్ద భాగం ధాన్యంగా మిల్లుకి వెళ్లిపోయింది, గడ్డి పశువులకి పోయింది. పైగా నీరు నిలిచిన మడి మీథేన్ వదులుతుంది, దానికి వేరే ఎనలైజర్ కావాలి, మా దగ్గర లేదు. కాబట్టి వరి పొలం కార్బన్ దాచేస్తోందని నేను ఎక్కడా రాయలేదు.

నీటి లెక్క బాబాయ్‌కి చెప్పాను. పొట్ట దశలో ఎండ కాసిన రోజున సుమారు 5 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి రోజుకి 20,000 లీటర్లు ఆవిరైపోతున్నాయి. ఎండ నుంచి పొలానికి వచ్చిన శక్తికీ, వేడిగానూ ఆవిరిగానూ పోయినట్టు టవర్ చూపినదానికీ పూర్తిగా పొంతన కుదరదు. ఈ పద్ధతిలో ఐదో వంతు దాకా లోటు మామూలే కాబట్టి అసలు అంకె ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చని కూడా చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్క కట్టి, "మరి మడిలోకి వచ్చేది ఇంతకన్నా ఎక్కువే కదమ్మా, మిగతాది ఎటు పోతోంది?" అన్నారు. నేలలోకి ఇంకేదీ మురుగు కాలువలోకి జారేదీ టవర్‌కి కనబడదు. ఈ దాళ్వాకి నీరు వచ్చే తూము దగ్గరా, మురుగు దారి దగ్గరా కొలత బద్దలు పాతాం. రోజూ పొద్దున్నే బాబాయే చూసి రాస్తున్నారు.