మూడుసార్లు మోగిన ఫోను

ఈ ఉదయం తిరుపతి లీలామహల్ కూడలిలో టీ తాగుతుండగా, మా గోడౌనులో మూటలు మోసే కూలీ ఫోను మూడుసార్లు మోగింది. మూడుసార్లూ తెర వంక చూసి, ఫోనును బల్ల మీద బోర్లించి పెట్టాడు.

"పాత మేస్త్రీ అన్నా. ఎత్తినానంటే మళ్లా కొండెక్కాల్సిందే" అన్నాడు.

శేషాచలం అడవిలో ఎర్రచందనం దుంగలు మోసి, జైలుకు వెళ్లివచ్చిన మనిషి అతను. కుడి భుజం మీద, దుంగ ఒరుసుకున్న చోట కాయ కాసిన చర్మం కాలరు పక్కన ఇప్పటికీ నల్లగా కనిపిస్తుంది. విడుదలయ్యాక ఆరు చోట్ల పని అడిగితే, కేసు సంగతి తెలియగానే ఆరుగురూ రావద్దన్నారట. అతను లోపల ఉన్నన్నాళ్లూ ఇంటికి బియ్యం పంపిందీ, బెయిలుకు డబ్బు కట్టిందీ, దుంగల పనికి కూలీలను కుదిర్చే ఆ మేస్త్రీయే.

భయం ఉంటే మనిషి మారతాడని నేనూ అనుకునేవాణ్ణి. 2015 ఏప్రిల్ 7న ఇదే కొండల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. ఆ తర్వాత కూడా గొడ్డలి పట్టుకుని అడవిలోకి వెళ్లేవారు వెళుతూనే ఉన్నారు. ప్రాణభయం ఆపలేని మనిషిని, శనివారం సాయంత్రం తప్పకుండా చేతికందే కూలి ఆపుతుందేమోనని, ఇతణ్ణి చూస్తున్న ఈ ఎనిమిది నెలల్లో నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే ఒక్క వారం కూలి ఆలస్యమైనా నాకు నిద్ర పట్టదు.

మధ్యాహ్నం, పాప స్కూలు ఫీజుకు అడ్వాన్సు కావాలని మొహమాటంగా అడిగాడు. వెంటనే ఇచ్చాను. నాలుగోసారి ఫోను మోగినప్పుడు అతని భుజం మీద బియ్యం మూట ఉంది.