ఉప్పాడలో ఒక ద్వారబంధం

చెల్లి పెళ్లికి జాందానీ చీర కొందామని కాకినాడ నుంచి ఉప్పాడ బయలుదేరాను. బీచ్ రోడ్డు మళ్ళీ కోసుకుపోయిందట, ఆటో అతను పిఠాపురం మీదుగా తిప్పి ఏకంగా 700 రూపాయలు తీసుకున్నాడు. షేర్ ఆటో దొరకలేదు, బేరమాడితే వినలేదు. ఆ చిరాకుతోనే దిగాను.

ఒడ్డు పొడవునా రాళ్ళ గుట్టలు, వాటి వెనక సగం సగం మిగిలిన ఇళ్ళు. ఒక గదికి మూడే గోడలున్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట కెరటం కొడుతోంది, మిగిలిన గోడలకు వేసిన నీలం రంగు మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

అక్కడికి కాస్త ఎడంగా వేపచెట్టుకు ఒక ద్వారబంధాన్ని తాడుతో కట్టి నిలబెట్టారు. గడపకు పసుపు, బొట్లు చెరగలేదు, కింది అంచు ఉప్పుకి తెల్లబడి పీచులు లేచింది. ఇదేంటమ్మా అని అడిగితే, పక్కనే ఎండుచేపలు తిరగేస్తున్న పెద్దామె "మూడిళ్ళకి ఇదే బాబూ. గోడలు పోతే కట్టుకుంటాం, టేకుది మళ్ళీ ఎక్కడ కొంటాం? తుఫానంటే ముందు దీన్నే ఊడదీస్తాం" అంది. మొదటి ఇల్లు ఎక్కడ అంటే చెయ్యి సముద్రంలోకి చూపించింది. అటుగా ఒక బోటు వెళ్తోంది.

వాతావరణ మార్పు అనే మాట ఆమె నోట రాలేదు. "ఇదివరకు అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువుండేది, ఇప్పుడు మామూలు రోజుల్లోనూ గుమ్మంలోకొస్తంది" అంది. కోతకు అడ్డుగా జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి గుడ్డ సంచులు వేస్తే చిరిగిపోయాయి, తర్వాత రాళ్ళు పోశారు, ఆ రాళ్ళ వల్ల పడవ ఒడ్డుకు లాగడానికి చోటు లేదు. దూరంగా స్థలమిస్తే వెళ్తారా అంటే, "పడవ కంటికి కనపడకపోతే నిద్ర పడద్దా?" అని నన్నే అడిగింది. కొడుకు మాత్రం ఫోనులో అలల హెచ్చరిక చూసుకోకుండా వేటకు వెళ్ళడట.

మాది భద్రాచలం. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు అన్నీ వదిలేసి పునరావాస కేంద్రానికి పోయాం, కానీ నీళ్ళు తీశాక బురద కడుక్కుంటే ఇల్లు ఉన్నచోటే ఉంది. ఇక్కడ నేలే పోతోంది. 1900 తర్వాత ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని చదివినప్పుడు జానెడే కదా అనుకున్నాను. ఆ జానెడు మీద పోటు, దాని మీద తుఫాను కెరటం ఎక్కి వస్తాయని ఆ మూడు గోడల గదిని చూశాకే తెలిసింది. పైగా మా గోదావరి మోసుకురావాల్సిన ఇసుక, ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతుంటే ఈ తీరానికి చేరేది తగ్గిపోయింది. ఏళ్ళ తరబడి ఆ నది ఒడ్డున ఉండి కూడా నేనెప్పుడూ ఇంత దూరం ఆలోచించలేదు.

నేను చీర కొనుక్కుని తిరిగొచ్చేసరికి ఆమె కొడుకు వేట నుంచి వచ్చి ద్వారబంధం కట్లు విప్పుతున్నాడు. రోడ్డుకి అవతల కొత్త పునాది లేచిందట. మోయడానికి ఇంకో మనిషి కావాలంటే చీర సంచి పెద్దామెకిచ్చి నేనూ ఒక చెయ్యి వేశాను. గడప నేలకు తగలకుండా చూడమని ఆమె దారంతా చెబుతూనే ఉంది.